కారు రూపకల్పనలోనే రీసైక్లింగ్‌కు పునాది
ప్రత్యేక వ్యాసం

జీవితకాలం ముగిసిన వాహనాల బాధ్యతను వాటిని తయారు చేసిన సంస్థలపైనే ఉంచుతూ కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ రూపొందించిన నియమావళి 2025 ఏప్రిల్ 1 నుండి దేశవ్యాప్తంగా అమలులోనికి వచ్చినది. పర్యావరణ పరిరక్షణ (జీవితకాలం ముగిసిన వాహనాల) నియమావళి, 2025 పేరిట ఇది అదే సంవత్సరం జనవరి 6న నోటిఫై చేయబడినది. కారును అమ్మి రశీదు ఇవ్వడంతో తయారీదారు పాత్ర పూర్తయ్యే కాలానికి ఈ నియమావళితో తెరపడినది. ఆ కారు తుక్కుగా మారిన నాడు కూడా దానిలోని ఉక్కులో నిర్ణీత భాగం తిరిగి కొలిమికి చేరేటట్లు చూడవలసిన బాధ్యత ఇకపై తయారీదారుదే.

ఈ అంశంపై జరుగుతున్న చర్చ అంతా పాత వాహనాల చుట్టూనే తిరుగుతున్నది. ఏ బండిని ఎప్పుడు తుక్కు చేయాలి, యజమానికి ఎంత సొమ్ము వస్తుంది, పన్నులో రాయితీ ఎంత అన్న ప్రశ్నలే ఎక్కువగా వినవస్తున్నాయి. అవి అవసరమైన ప్రశ్నలే. అయితే ఒక కారులో ఎంత లోహం, ఎంత ప్లాస్టిక్, ఎంత గాజు తిరిగి ఉపయోగానికి వస్తుందన్నది తుక్కు కేంద్రంలో నిర్ణయమయ్యే విషయం కాదు. పదిహేను, ఇరవై సంవత్సరాల ముందు, ఆ కారు ఇంకా ఇంజనీరు బల్లపై నమూనాగా ఉన్నప్పుడే అందులో అధిక భాగం నిర్ణయమైపోతుంది. రూపకర్త విడదీయడానికి వీలు కల్పించిన దానినే కార్మికుడు విడదీయగలడు.

తుక్కుగా మారిన కారు నడిచే దారి

శాస్త్రీయ పద్ధతిలో నడిచే కేంద్రానికి చేరిన కారు నుండి మొదట కాలుష్య కారకాలను తొలగిస్తారు. బ్యాటరీని విప్పి, మిగిలిన ఇంధనం, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ ద్రవాలను వేర్వేరు పాత్రలలోనికి తీసుకుంటారు. ఎయిర్ కండిషనర్‌లోని వాయువును గాలిలోనికి వదలకుండా ప్రత్యేక సిలిండరులో పట్టి ఉంచుతారు. పాత కార్లలో విస్తృతంగా వాడిన ఆర్-134ఎ వాయువు ఒక కిలో విడుదలైతే, వాతావరణాన్ని వేడెక్కించడంలో అది దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఎయిర్‌బ్యాగులలో ఉండే పేలుడు పదార్థాన్ని నిర్వీర్యం చేయడం కూడా ఈ దశలోనే జరుగుతుంది.

ఆ తరువాత టైర్లు, అద్దాలు, పొగ గొట్టంలో అమర్చిన కెటలిటిక్ కన్వర్టర్ వంటివి తీస్తారు. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లేడియం, రోడియం అనే విలువైన లోహాలు ఉంటాయి కనుక దానికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. తిరిగి వాడుకోదగిన ఇంజన్, గేర్‌బాక్స్, తలుపులు, దీపాలు వేరుపడతాయి. మిగిలిన డొల్లను నొక్కి, ష్రెడ్డర్ యంత్రంలో వేస్తారు. యంత్రంలోని భారీ సుత్తులు దానిని పిడికిలి పరిమాణంలో ముక్కలు చేస్తాయి. ఇనుము, ఉక్కు ముక్కలను అయస్కాంతం పట్టుకుంటుంది. అల్యూమినియం, రాగి వంటి ముక్కలను విద్యుత్ ప్రేరణతో పనిచేసే వేర్పాటు యంత్రం పక్కకు నెడుతుంది.

అన్నీ పోగా చివరకు మిగిలేది ప్లాస్టిక్, రబ్బరు, నురుగు, బట్ట, గాజు పొడి, దుమ్ము, రంగు పొరలు, సన్నని తీగల ముక్కలు కలగలిసిన మిశ్రమం. దీనిని ష్రెడ్డర్ అవశేషం అంటారు. కారు బరువులో ఇది సాధారణంగా అయిదవ వంతు నుండి నాల్గవ వంతు వరకు ఉంటుంది. అమ్మితే ధర రాని, కాల్చితే విషవాయువులు వెలువడే ఈ అవశేషమే వాహన రీసైక్లింగ్ రంగానికి అసలు సమస్య.

తెషిమా ద్వీపం నేర్పిన పాఠం

ఈ అవశేషాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో జపాన్‌లోని తెషిమా ద్వీపం చెబుతుంది. సెటో లోతట్టు సముద్రంలో, కగవా పరిధిలో ఉన్న ఈ చిన్న ద్వీపానికి ఒక ప్రైవేటు సంస్థ 1970వ దశకం మధ్య నుండి 1990 వరకు పారిశ్రామిక వ్యర్థాలను తరలించినది. అందులో ప్రధాన భాగం కార్లను ముక్కలు చేయగా మిగిలిన అవశేషమే. దానిని బహిరంగంగా తగులబెట్టడం, గుట్టలుగా పోయడం నిత్యకృత్యమైనది. ద్వీపవాసుల ఫిర్యాదులను స్థానిక పాలనా యంత్రాంగం చాలాకాలం పట్టించుకోలేదు. చివరకు 1990 నవంబరులో పొరుగున ఉన్న హ్యోగో ప్రాంత పోలీసులు దాడి చేయడంతో ఈ అక్రమం బయటి ప్రపంచానికి తెలిసినది.

సీసం, డయాక్సిన్లతో నేల, భూగర్భజలం కలుషితమైనట్లు పరీక్షలలో తేలినది. ద్వీపవాసులు 1993లో మధ్యవర్తిత్వం కోరారు. 2000 జూన్‌లో ఒప్పందం కుదిరినది. ఆనాటి గవర్నరు ప్రజలకు క్షమాపణ తెలిపారు. తవ్వి తీసిన వ్యర్థాలను సమీపంలోని నవొషిమా ద్వీపానికి ఓడలలో తరలించి, అత్యధిక ఉష్ణోగ్రత వద్ద కరిగించే పని 2003లో ప్రారంభమైనది. వ్యర్థాల తరలింపు పూర్తి కావడానికి 2017 మార్చి వరకు పట్టినది. కలుషితమైన మట్టితో కలిపి ఆ విధంగా తొలగించినది సుమారు 9 లక్షల టన్నులు. పదిహేనేళ్లు పోసిన చెత్తను ఎత్తడానికి మరో పద్నాలుగేళ్లు, భారీగా ప్రజాధనం అవసరమైనవి.

ఈ ఉదంతం జపాన్ విధానంలో మార్పునకు దారితీసిన ముఖ్య కారణాలలో ఒకటి. 2002లో ఆమోదం పొంది, 2005 జనవరి నుండి పూర్తిగా అమలులోనికి వచ్చిన జపాన్ వాహన రీసైక్లింగ్ చట్టం మూడు విషయాలను తయారీదారుల బాధ్యతగా నిర్దేశించినది. అవి ఎయిర్ కండిషనర్ వాయువు, ఎయిర్‌బ్యాగులు, ష్రెడ్డర్ అవశేషం. మార్కెట్టులో ధర పలికే ఉక్కును చట్టం మార్కెట్టుకే విడిచిపెట్టి, ఎవరికీ అక్కరలేని మూడింటిని తయారీదారుకు అప్పగించడం ఇందులోని విశేషం. ఇందుకయ్యే రుసుమును కొనుగోలుదారు కొత్త కారు కొనే సమయంలోనే చెల్లిస్తాడు. ఆ సొమ్ము ప్రత్యేక నిధిలో భద్రపరచబడుతుంది. కనుక పాత కారును దారిపక్కన వదిలివేసి, ఖర్చు తప్పించుకోవలసిన అవసరం చివరి యజమానికి రాదు. అవశేషంలో 2005 నాటికి 30 శాతం, 2010 నాటికి 50 శాతం, 2015 నాటికి 70 శాతం రీసైకిల్ చేయాలన్న లక్ష్యాలను అక్కడి తయారీదారులు గడువుకు ముందే అధిగమించారు.

యూరప్ అనుసరించిన మార్గం

యూరోపియన్ యూనియన్ 2000 సెప్టెంబరులో ఆమోదించిన ఆదేశం ఈ రంగంలో మరొక మైలురాయి. కారు సగటు బరువులో 2006 నాటికి 80 శాతం, 2015 నాటికి 85 శాతం పునర్వినియోగం లేదా రీసైక్లింగ్ ద్వారా తిరిగి ఉపయోగపడవలసి ఉంటుందని ఆ ఆదేశం నిర్దేశించినది. మండించి శక్తిని రాబట్టడాన్ని కూడా కలుపుకుంటే ఆ లక్ష్యాలు వరుసగా 85 శాతం, 95 శాతం. సీసం, పాదరసం, కాడ్మియం, షట్సంయోజక క్రోమియం అనే నాలుగు విషలోహాలను, కొన్ని మినహాయింపులతో, 2003 జూలై 1 తరువాత మార్కెట్టులోనికి వచ్చే వాహనాలలో వాడరాదని నిషేధించినది.

అంతకంటే ముఖ్యమైన మెట్టు 2005లో పడినది. ఆ సంవత్సరం జారీ అయిన మరో ఆదేశం ప్రకారం, కొత్త కారు నమూనా బరువులో కనీసం 85 శాతం రీసైకిల్ లేదా పునర్వినియోగం చేయదగినదిగా, శక్తి రాబట్టడంతో కలిపి 95 శాతం వినియోగంలోనికి తేదగినదిగా ఉన్నట్లు తయారీదారు లెక్కలతో చూపితేనే ఆ నమూనాకు విక్రయ అనుమతి లభిస్తుంది. బ్రేకులు, దీపాలు, ప్రమాద రక్షణల మాదిరిగానే విడదీతకు అనుకూలత కూడా కారుకు ఉండవలసిన అర్హతలలో ఒకటైనది. ఈ శాతాలను లెక్కించే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2002లోనే ఐఎస్ఓ 22628 పేరిట ప్రకటించినది.

విడదీతకు అనువైన రూపకల్పన అంటే...

చట్టాలు శాతాలను చెబుతాయి. ఆ శాతాలను సాధించడానికి ఇంజనీర్లు అనుసరించే మార్గాలు ప్రధానంగా అయిదు.

మొదటిది, అతుకు విధానం. జిగురుతో అతికించిన భాగాన్ని చెక్కి తీయాలి. స్క్రూలతో బిగించిన దానిని ఒక్కొక్కటిగా విప్పాలి. నొక్కితే ఊడివచ్చే క్లిప్పులతో అమర్చిన దానిని క్షణాలలో లాగివేయవచ్చును. కార్మికుని కూలి, సమయం కంటే ఊడివచ్చిన భాగం విలువ తక్కువైతే ఎవరూ దానిని ఊడదీయరు. అది ష్రెడ్డర్‌లోనికే పోతుంది. కనుక ఒక భాగాన్ని తీయడానికి పట్టే నిమిషాలను తగ్గించడమే ఆ భాగాన్ని రక్షించడం. జపాన్‌కు చెందిన టొయోటా సంస్థ 2003లో విడుదల చేసిన రౌమ్ అనే కారులో, ఎక్కడ పట్టుకొని లాగితే భాగం సులువుగా విడిపోతుందో తెలిపే గుర్తులను అచ్చువేసినది. డాష్‌బోర్డు బిగింపుల వద్ద గాడులు పెట్టి, బలంగా లాగితే అక్కడే విరిగేటట్లు రూపొందించినది.

రెండవది, ప్లాస్టిక్ రకాల తగ్గింపు. చూపునకు ఒకేలా కనబడే నల్లని ప్లాస్టిక్ ముక్కలు నిజానికి వేర్వేరు రసాయనాలు. ఒకదానితో ఒకటి కలిసి కరిగితే నాణ్యత చెడుతుంది. నలుపు రంగు కోసం కలిపే కార్బన్ పొడి, రకాన్ని గుర్తించే పరారుణ కిరణాలను పీల్చుకొంటుంది కనుక వేర్పాటు యంత్రాలు సైతం ఈ ముక్కలను గుర్తించలేకపోతాయి. అందుచేత 100 గ్రాములకు మించిన ప్రతి ప్లాస్టిక్ భాగంపై, 200 గ్రాములకు మించిన ప్రతి రబ్బరు భాగంపై దాని రకాన్ని తెలిపే సంకేతాన్ని ముద్రించడం యూరప్‌లో తప్పనిసరి చేయబడినది. బంపర్లు, లోపలి పలకలు వంటి వాటికి వీలైనంతవరకు పాలీప్రొపిలీన్ వంటి ఒకే కుటుంబపు ప్లాస్టిక్‌ను వాడడం మరొక ఉపాయం. ఇది నీటిపై తేలుతుంది కనుక బరువైన ప్లాస్టిక్‌ల నుండి నీటి తొట్టిలోనే వేరుపడుతుంది.

మూడవది, రాగి తీగల సమస్య. రీసైక్లింగ్ లెక్కలలో తరచుగా మరుగున పడే అంశమిది. కారు పొడవునా పాకే విద్యుత్ తీగల కట్ట, మోటార్లు రాగితో నిండి ఉంటాయి. ఈ తీగలు తీయకుండా డొల్లను ముక్కలు చేస్తే, కొంత రాగి ఉక్కు ముక్కలకు చుట్టుకొని కొలిమిలోనికి పోతుంది. ఇతర మలినాలలో చాలావాటిని ఆక్సిజన్ ఊది తొలగించవచ్చును. కాని రాగి కంటే ఇనుమే ముందుగా ఆక్సిజన్‌తో కలుస్తుంది కనుక, కరిగిన ఉక్కులో కలిసిన రాగిని వాణిజ్య స్థాయిలో వేరుచేసే మార్గం నేటికీ లేదు. రాగి శాతం పెరిగితే ఉక్కును వేడిమీద సాగదీసేటప్పుడు ఉపరితలం చిట్లుతుంది. భవన నిర్మాణపు కడ్డీలు 0.4 శాతం వరకు రాగిని తట్టుకుంటాయి. కారు తలుపునకు, పైకప్పునకు వాడే పల్చని రేకులలో అది 0.1 శాతం కంటే తక్కువగా ఉండాలి. అందువల్లనే కారు ఉక్కు ఎక్కువగా కడ్డీగా మారుతున్నది గాని మళ్లీ కారు రేకుగా మారడం లేదు. తీగల కట్టను ఒక్క లాగుతో బయటకు తీయగలిగే దారిలో అమర్చడమే దీనికి రూపకల్పనలో ఉన్న పరిష్కారం.

నాల్గవది, అల్యూమినియం మిశ్రమాల ఎంపిక. కారు రేకులలో వాడే అల్యూమినియం వేరు, పోత పోసిన ఇంజన్ భాగాలలో వాడేది వేరు. రెండవ దానిలో సిలికాన్ అధికం. రెండూ కలిసి కరిగితే వచ్చే లోహం పోత భాగాలకే పనికి వస్తుంది. ఇంతకాలం కొత్త ఇంజన్ల తయారీ ఆ లోహాన్ని వినియోగించుకొన్నది. విద్యుత్ వాహనాలకు ఇంజన్ దిమ్మె అవసరం లేదు కనుక ఆ గిరాకీ క్రమేణా తగ్గుతుంది. రీసైకిల్ చేసిన లోహాన్ని ఎక్కువగా ఇముడ్చుకోగల మిశ్రమాలను ముందే ఎంచుకోవడం ఇందుకు మార్గం. నాడు టాటా మోటార్స్ ఆధీనంలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంస్థ 2015లో మార్కెట్టులోనికి తెచ్చిన జాగ్వార్ ఎక్స్ఈ కారులో 75 శాతం వరకు రీసైకిల్ చేసిన లోహంతో తయారయ్యే ఆర్‌సి5754 అనే మిశ్రమాన్ని వాడినది. ఫ్యాక్టరీలో రేకులు కత్తిరించగా మిగిలిన ముక్కలే దీనికి ప్రధాన ముడిసరుకు. పాత కార్ల నుండి వచ్చే అల్యూమినియంను అదే స్థాయికి చేర్చడం ఇంతకంటే కష్టమైన తదుపరి మెట్టు.

అయిదవది, సమాచారం. ఎయిర్‌బ్యాగ్ పేలుడు గుళికలు ఎక్కడెక్కడ ఉన్నవి, ఏ భాగంలో ఏ లోహమున్నది అన్నది విడదీసే వ్యక్తికి తెలియకపోతే ఎంత మంచి రూపకల్పన అయినా ఫలితమివ్వదు. ఇందుకోసం ప్రపంచంలోని ప్రధాన తయారీదారులు కలిసి ఐడిఐఎస్ అనే అంతర్జాతీయ విడదీత సమాచార వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నారు. నమూనాల వారీగా విడదీత వివరాలు అందులో లభిస్తాయి.

ఒకదానితో ఒకటి పోటీపడే లక్ష్యాలు

రూపకల్పనలో అన్ని మంచి లక్షణాలూ ఒకేచోట కుదరవు. ఇంధనం ఆదా కావాలంటే కారు తేలికగా ఉండాలి. తేలిక కోసం వాడే కార్బన్ నార, జిగురు అతుకులు, పొరలు పొరలుగా పేర్చిన పదార్థాలు విడదీతకు లొంగవు. ప్రయాణికుల భద్రత కోసం ముందు అద్దంలో రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి, చట్రానికి గట్టిగా అతికిస్తారు. ప్రమాదంలో ప్రాణం కాపాడే ఆ పొరే గాజును శుభ్రంగా వేరు చేయడానికి అడ్డు. ఈ వైరుధ్యాలను తూచి, నడి మార్గం ఎంచుకోవడమే రూపకర్త పని.

విద్యుత్ వాహనాల రాకతో ఈ తూకం మరింత క్లిష్టమైనది. వాటి బ్యాటరీలలో లిథియం, నికెల్, కోబాల్ట్ వంటి ఖనిజాలు ఉంటాయి. మరలతో బిగించిన పెట్టెలో మాడ్యూళ్లుగా అమర్చిన బ్యాటరీని విప్పి, చెడిన భాగాన్ని మార్చవచ్చును. సెల్స్ మధ్య గట్టిపడే నురుగు నింపి, పెట్టెను కారు అడుగుభాగంతో ఏకం చేసే పద్ధతిలో బరువు, తయారీ ఖర్చు తగ్గుతాయి గాని విడదీత కష్టమవుతుంది. వందల వోల్టుల విద్యుత్తు నిలువ ఉండే ఈ పెట్టెలను శిక్షణ లేని చేతులతో తెరిస్తే విద్యుదాఘాతం, అగ్నిప్రమాదం సంభవించే అవకాశం గలదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధనలు, ప్రతి విద్యుత్ వాహన బ్యాటరీకి దాని వివరాలను తెలిపే డిజిటల్ పాస్‌పోర్టు 2027 ఫిబ్రవరి నుండి ఉండాలని నిర్దేశించాయి. భారతదేశంలో 2022 ఆగస్టులో నోటిఫై చేయబడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమావళి, కొత్త బ్యాటరీలలో రీసైకిల్ చేసిన పదార్థం కొంత శాతం ఉండాలనే నియమాన్ని ప్రవేశపెట్టినది.

కొత్త కార్లలో రీసైకిల్ చేసిన పదార్థం వాడకాన్ని తప్పనిసరి చేసే దిశగా 2023 జూలైలో యూరోపియన్ కమిషన్ మరో ప్రతిపాదన చేసినది. కారులోని ప్లాస్టిక్‌లో 25 శాతం రీసైకిల్ చేసినదై ఉండాలని, అందులో నాల్గవ వంతు పాత వాహనాల నుండే రావాలని ఆ ప్రతిపాదన సారాంశం. తదుపరి చర్చలలో శాతాలు, గడువులపై సవరణలు వచ్చినప్పటికీ, ఇది ఇంతకు మునుపు లేని ఆలోచన. రీసైకిల్ చేసిన సరుకును కొనక తప్పని స్థితి ఏర్పడితే, నేడు తాను వాడే ప్లాస్టిక్ రేపు తనకే ముడిసరుకై వస్తుందన్న ఎరుకతో తయారీదారు దానిని ఎంచుకుంటాడు.

మన దేశంలో నియమాల క్రమం

భారతదేశంలో ఈ ప్రయాణం దశలవారీగా సాగినది. వాహనాల పునర్వినియోగ, రీసైక్లింగ్ శాతాల లెక్కింపు, భారలోహాల వాడకంపై పరిమితులు తదితర అంశాలతో ఏఐఎస్-129 ప్రమాణం 2015లో రూపొందినది. వాహన తుక్కు విధానాన్ని ప్రధానమంత్రి 2021 ఆగస్టు 13న ప్రారంభించారు. అదే సంవత్సరం సెప్టెంబరులో నమోదిత వాహన తుక్కు కేంద్రాల ఏర్పాటు, నిర్వహణకు సంబంధించిన నిబంధనలు వెలువడినవి. ఇట్టి కేంద్రంలో వాహనాన్ని అప్పగించిన యజమానికి డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దాని ఆధారంగా కొనే కొత్త వాహనంపై, రవాణాయేతర వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు పన్ను రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు వీలు కల్పించబడినది.

ప్రభుత్వ శాఖలకు నేరుగా వర్తించే ఉత్తర్వు 2023 జనవరిలో వచ్చినది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు, రాష్ట్ర రవాణా సంస్థలకు చెందిన 15 సంవత్సరాలు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరణకు నోచుకోదు. రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రతకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రమే ఇందులో మినహాయింపు గలదు. ఆ వాహనాలు నమోదిత తుక్కు కేంద్రాలకే చేరవలసి ఉంటుంది.

ఇక 2025 నియమావళి ఈ గొలుసును తయారీదారు వరకు పొడిగించినది. తాము గతంలో దేశీయ మార్కెట్టులో విక్రయించిన వాహనాలలో వాడిన ఉక్కు పరిమాణంలో 2025-26 నుండి 2029-30 వరకు కనీసం 8 శాతానికి, ఆ తదుపరి అయిదేళ్లు 13 శాతానికి, 2035-36 నుండి 18 శాతానికి సమానమైన ఉక్కు తిరిగి వినియోగంలోనికి వచ్చినట్లు తయారీదారులు ధ్రువపత్రాలు చూపాలి. రవాణా వాహనాలకు 15 సంవత్సరాల, ఇతర వాహనాలకు 20 సంవత్సరాల వెనుకటి అమ్మకాలు ఈ లెక్కకు ఆధారం. తుక్కు కేంద్రాలు రాబట్టిన ఉక్కును బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ ద్వారా ఈ ధ్రువపత్రాలు జారీ అవుతాయి. జీవితకాలం ముగిసిన వాహనాన్ని యజమాని 180 రోజులలోగా అప్పగించాలి. వందకు మించి వాహనాలు గల సంస్థలను నియమావళి పెద్ద వినియోగదారులుగా పరిగణిస్తుంది. వ్యవసాయ ట్రాక్టర్లు, ట్రైలర్లు, హార్వెస్టర్లు, పవర్ టిల్లర్లకు ఈ నియమావళి వర్తించదు. బ్యాటరీలు, టైర్లు, వాడిన నూనెలకు వేర్వేరు నియమావళులు ఉన్నవి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి గలదు. లక్ష్యం ఉక్కు ప్రాతిపదికన నిర్ణయించబడినది. ఉక్కు ఎప్పుడూ ధర పలికే సరుకే. జపాన్ తొలుత చేపట్టినది మిగిలిన భాగాన్ని. బంపర్లు, సీట్ల నురుగు, అద్దాలు, డాష్‌బోర్డులకు సంబంధించి మన నియమాలలో ఇంకా ఆ స్థాయి లక్ష్యాలు లేవు. ఈ దశాబ్దంలో రోడ్డెక్కుతున్న కార్లలో ప్లాస్టిక్, ఎలక్ట్రానిక్ పరికరాల వాటా పాత కార్ల కంటే ఎక్కువ. అవి 2040వ దశకంలో తుక్కు కేంద్రాలకు చేరుతాయి. వాటి నుండి ఏమి వస్తుందన్నది నేటి రూపకల్పనపైనే ఆధారపడి ఉన్నది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధం

ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద కియా సంస్థ 2019 నుండి కార్లు ఉత్పత్తి చేస్తున్నది. శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016లో ప్రారంభమైనది. ఇట్టి తయారీ సంస్థలకు, వాటికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న పరిశ్రమలకు రూపకల్పన నియమాలు నేరుగా వర్తిస్తాయి. యూరప్‌కు ఎగుమతి చేయదలచిన విడిభాగాల తయారీదారు, తన భాగంలో ఏ పదార్థం ఎంత ఉన్నదో గ్రాముల లెక్కన తెలుపవలసి ఉంటుంది. ఈ సమాచారాన్ని సిద్ధం చేయగల నైపుణ్యం ఇకపై వ్యాపార అర్హతలలో ఒకటి. ప్లాస్టిక్ రంగంలో సిపెట్ కేంద్రాలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుండి లోహాలను రాబట్టే రంగంలో హైదరాబాద్‌లోని సి-మెట్ సంస్థ శిక్షణకు, పరిశోధనకు అందుబాటులో ఉన్నవి.

రెండవ సంబంధం ఆటోనగర్‌లతో. విజయవాడ, హైదరాబాద్ తదితర నగరాల ఆటోనగర్‌లలో పాత బండిని విప్పి, పనికివచ్చే ప్రతి భాగాన్ని మళ్లీ బండికెక్కించే నైపుణ్యం తరతరాలుగా ఉన్నది. పునర్వినియోగం అన్న మాట చట్టాలలోనికి రాకముందే అక్కడి మెకానిక్కులు దానిని ఆచరిస్తున్నారు. అయితే నేలపై ఒలికే నూనె, తీగల పై తొడుగును మంటపెట్టి రాగి తీసే పద్ధతి, బ్యాటరీ సీసాన్ని చేతులతో ముట్టుకొనే అలవాటు మొదటగా దెబ్బతీసేది ఆ పనివారి ఆరోగ్యాన్నే. తీగల తొడుగులో ఉండే పివిసిని కాల్చినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు వెలువడతాయి. కొత్త కేంద్రాలు వచ్చినప్పుడు ఈ పనివారు ఉపాధి కోల్పోకుండా, శిక్షణతో వాటిలో చోటు పొందేటట్లు చూడడం విధానం విజయానికి కీలకం. వారి చేతి అనుభవం రూపకర్తలకూ అవసరమే. ఏ స్క్రూ ఎక్కడ తుప్పుపట్టి మొరాయిస్తుందో డ్రాయింగ్ కంటే వారికే బాగా తెలుసు.

అధికారులు, పాత్రికేయులు పరిశీలించదగిన అంశాలు

జిల్లా స్థాయి అధికారులు తమ కార్యాలయాల ఆవరణలలో నిలిచిపోయిన పాత వాహనాల జాబితాను సిద్ధం చేసుకొని, వేలం వేసేటప్పుడు అవి నమోదిత కేంద్రాలకే చేరుతున్నట్లు నిర్ధారించుకోవలసి ఉన్నది. వాహనాన్ని అప్పగించిన వెంటనే డిపాజిట్ ధ్రువపత్రాన్ని, విడదీత ముగిసిన తరువాత తుక్కు ధ్రువపత్రాన్ని తీసుకొని భద్రపరచడం అవసరం. రిజిస్ట్రేషన్ రద్దు కాకుండా తుక్కుకు చేరిన వాహనపు నంబరు దుర్వినియోగమయ్యే ప్రమాదం గలదు. కొత్త వాహనాల కొనుగోలు టెండర్లలో ధర, మైలేజీలతో పాటు విడదీత సమాచారం లభ్యత, బ్యాటరీని తిరిగి తీసుకొనే ఏర్పాటు వంటి అంశాలను అడగడం కూడా సాధ్యమే. ప్రభుత్వం పెద్ద కొనుగోలుదారు కనుక అట్టి ప్రశ్న తయారీదారు రూపకల్పన విభాగం వరకు చేరుతుంది.

పాత్రికేయులు ఈ విషయంపై రాసేటప్పుడు ఎన్ని వాహనాలు తుక్కైనవన్న సంఖ్యతో ఆగకుండా, ఒక్కొక్క వాహనం నుండి ఏమేమి తిరిగి వచ్చినది, మిగిలినది ఎక్కడికి పోయినదన్న ప్రశ్న వేయడం ప్రయోజనకరం. ష్రెడ్డర్ అవశేషం ఏ గుంతకు, ఏ సిమెంటు కొలిమికి చేరుతున్నదో తెలిస్తేనే విధానం ఫలితం తెలుస్తుంది. తెషిమాలో పదిహేనేళ్లపాటు అధికారులు అడగని ప్రశ్న అదే.

కారు కొనేవారికి రంగు, వేగం, సౌకర్యం కనబడతాయి. ఏ క్లిప్పు ఎలా ఊడుతుందో, ఏ ప్లాస్టిక్ ఏ రకమో కనబడదు. ఆ కనబడని నిర్ణయాలే రేపటి గనిని గాని, రేపటి చెత్తగుట్టను గాని తయారు చేస్తాయి. ఆ నిర్ణయాలు తీసుకొనే దశలోనే బాధ్యతను గుర్తుచేసే నియమాలు ఇప్పుడు మన దేశంలోనూ ప్రారంభమైనవి. వాటిని ఉక్కుతో ఆపకుండా మిగిలిన పదార్థాలకు విస్తరించడం, క్షేత్రస్థాయిలో నిక్కచ్చిగా అమలుపరచడం తదుపరి కర్తవ్యం.

(సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయడమైనది)